పనామా సిటీలో నాలుగు రాత్రులు: ఒక రాత్రికి ఒక పేటే పెట్టుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ నుంచి నలుగురు స్నేహితులు వెళ్తున్నారు. జనవరిలో బుధవారం దిగి ఆదివారం తిరుగు ప్రయాణం. ఇద్దరు మందు ముట్టరు, ఒకరు గుడ్డు కూడా తినని శాకాహారి. రాత్రిళ్లు ఏం చేయాలి, ఎక్కడ భయం లేకుండా తిరగొచ్చు, ఎంత ఖర్చవుతుంది, కాయే ఉరుగ్వాయ్ పక్కన హోటల్ తీసుకోవచ్చా అని అడిగారు. నేను పనామా దేశపు రాజధాని అయిన ఈ పనామా సిటీలో నాలుగేళ్లు ఉన్నాను, కంటైనర్ల రవాణా ఉద్యోగం, ఇప్పటికీ వీలైతే ఏడాదికోసారి వెళ్లొస్తాను. నాకు చాలా ఇష్టమైన ఊరు, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు హోటల్ సంగతి తేల్చేద్దాం. కాయే ఉరుగ్వాయ్ గురించి మీరు చదివినవి పాత రాతలు అయ్యుంటాయి. ఒకప్పుడు ఊళ్లోని క్లబ్బులన్నీ ఆ వీధి చుట్టూనే ఉండేవి, నిజమే. తర్వాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, జనం కాస్కో వియేహో అనే పాత పట్నం వైపు మళ్లారు. అక్కడ హోటళ్లు బాగానే ఉంటాయి, రేట్లు కూడా తక్కువే, కానీ "కింద దిగితే చాలు, సందడే సందడి" అనుకుని తీసుకుంటే నిరాశ పడతారు. నన్నడిగితే ఎల్ కాంగ్రేహో అనే పేటలో తీసుకోండి. మెట్రో దగ్గర, తిండి దగ్గర, రాత్రి పదింటికి కూడా ఫుట్‌పాత్ మీద జనం కనిపిస్తారు. కాస్కోలోనే దిగితే ఇంకా బాగుంటుంది కదా అని మీకు అనిపించొచ్చు. శుక్ర, శనివారాల్లో అక్కడ తెల్లవారుజామున మూడింటి దాకా కిటికీ అద్దాలు అదురుతూనే ఉంటాయి. నిద్ర తేలిగ్గా పట్టని వాళ్లు మీలో ఒక్కరున్నా వద్దు.

ఇక అసలు మాట. కొత్తగా వెళ్లేవాళ్లు అందరూ చేసే పొరపాటు ఏంటంటే, ఒకే రాత్రిలో ఊరంతా చుట్టేయాలనుకోవడం. ఏడింటికి అమదోర్‌లో భోజనం, తొమ్మిదింటికి కాస్కోలో రూఫ్‌టాప్, పదకొండుకి కాసినో, తర్వాత క్లబ్బు అని లిస్టు రాసుకుంటారు. సగం రాత్రి కారులోనే అయిపోతుంది. అక్కడ ట్రాఫిక్ జామ్‌ని త్రాంకే అంటారు, శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊరు ఊరంతా అదే. ఒక రాత్రికి ఒక పేట పెట్టుకోండి. అక్కడే సాయంత్రం, అక్కడే తిండి, అక్కడే పాట, నడిచి తిరగండి. ఆ ఊరి రాత్రి తలుపు లోపల ఉండదు, అరుగు మీద, గోడ మీద, చౌరస్తాలో ఉంటుంది. పైగా ఆలస్యంగా మొదలవుతుంది. పదింటికి క్లబ్బుకి వెళ్తే ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు, పన్నెండు దగ్గరపడితేనే జనం.

మొదటి రాత్రి, అంటే బుధవారం, కాస్కో వియేహో వద్దు. ప్రయాణం చేసి వస్తారు కదా, ఎల్ కాంగ్రేహోలోనే ఉండిపోండి. వియా అర్హెంతీనా అనే వీధి చుట్టుపక్కల మెల్లగా నడిస్తే ఐన్‌స్టీన్ తలకాయ ఒకటి, పెద్ద విగ్రహం, ఎదురవుతుంది. ఆ పేట వాళ్లకి అదే గుర్తు, "ఐన్‌స్టీన్ తల దగ్గర కలుద్దాం" అనుకుంటారు. వియా అర్హెంతీనాలోనే ఎల్ త్రపీచే అని పాతకాలపు పనామా భోజనం దొరికే చోటు ఉంది. మీ శాకాహారి స్నేహితుడి కోసం కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే ఆ ఊళ్లో వెజ్ అనేది అడిగి చెప్పించుకోవాల్సిన పని. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని మీరనుకుంటారు, వాళ్లు మాత్రం గొడ్డుమాంసం ఒక్కటే తీసేసి కోడిముక్కలు వేసి తెస్తారు. సిన్ కార్నే, సిన్ పోయ్యో, సిన్ పెస్కాదో, సిన్ హామోన్, సిన్ వెవో అని, అంటే మాంసం, కోడి, చేప, పంది, గుడ్డు ఏదీ వద్దని అన్నీ వరసగా చెప్పాలి. పతాకోనెస్ అడగండి, పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, చితక్కొట్టి, మళ్లీ వేయించినవి, వేడివేడిగా ఉప్పు చల్లి ఇస్తారు. కర్రపెండలం వేపుడు ఉంటుంది. అన్నింటికన్నా ఆర్రోస్ కొన్ గ్వాందూ తప్పకుండా అడగండి, అది కొబ్బరిపాలలో వండిన కందుల అన్నం. గ్వాందూ అంటే అచ్చంగా మన కందులే, అదే మొక్క, పచ్చి కందులతో చేస్తారు. నేను మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మమ్మ సంక్రాంతికి పచ్చి కందికాయలు ఉడకబెట్టిన వాసన వచ్చి స్పూన్ పక్కన పెట్టేశాను. కొన్నిచోట్ల అందులో పందిమాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోండి. ఊళ్లో గుజరాతీ, సింధీ కుటుంబాలు తరతరాలుగా వ్యాపారాలు చేస్తున్నాయి, గుడి ఉంది, ఇండియన్ హోటళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి నాలుగు రోజుల్లో ఒక్క పూట పప్పన్నం లేకపోతే కుదరదనుకుంటే అదీ దొరుకుతుంది.

తాగని ఇద్దరికీ ఒక మంచి మాట. చిచా అని మెనూలో కనిపిస్తే కంగారు పడొద్దు. వేరే దేశాల్లో ఆ పేరు కల్లులాంటిదానికి ఉంది గానీ పనామాలో మామూలుగా చిచా అంటే పళ్ల రసమే. పులిసినదాన్ని చిచా ఫ్వెర్తే అని విడిగా అంటారు. చింతపండుది బాగుంటుంది, మారకుయా, అంటే ప్యాషన్ ఫ్రూట్‌ది ఇంకా బాగుంటుంది. మీరు వెళ్లేది జనవరి కాబట్టి సరిల్ దొరకొచ్చు, క్రిస్మస్ రోజుల్లో ఎక్కువగా చేస్తారు. ముదురు ఎరుపు రంగు, అల్లం ఘాటు, పుల్లటి రుచి. దేనితో చేస్తారో తెలుసా? మన గోంగూర మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రటి రేకలు ఉంటాయి చూడండి, వాటితో. కరేబియన్ దీవుల నుంచి పనామా కాలువ తవ్వడానికి వచ్చిన నల్లజాతి కూలీల కుటుంబాలు ఆ పానీయాన్ని అక్కడ నిలబెట్టాయి. ఎవరైనా పార్టీలో గ్లాసు లేకుండా నిలబడితే ఇబ్బందిగా ఉంటుందంటారు కదా, సరిల్ గ్లాసు పట్టుకుంటే ఆ బాధ ఉండదు.

తాగేవాళ్లకి: ఆ దేశపు సొంత మందు సేకో, చెరకుతో చేస్తారు, నీళ్లలా తెల్లగా ఉంటుంది. పల్లెల్లో దాన్ని పాలతో కలిపి తాగుతారు, సేకో కొన్ వాకా అంటారు, అంటే ఆవుతో సేకో అని. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఐసు వేసి ఇస్తే గొంతులో మంట తెలియకుండా దిగిపోతుంది, ప్రమాదం కూడా అదే, రెండుతో ఆపండి. బీర్లలో బల్బోవా, అట్లాస్, పనామా ఎక్కడైనా ఉంటాయి. "ఉనా పింతా" అంటే ఒక బీరు ఇవ్వమని వాళ్ల వాడుక. కాస్త మంచి బీరు కావాలంటే లా రానా దొరాదా అని స్థానికంగా బీరు కాచే బార్ ఉంది, దాని పేరుకి అర్థం బంగారు కప్ప, ఆ దేశపు చిహ్నం ఆ కప్పే.

గురువారం కాస్కోకి వెళ్లండి. శుక్ర, శనివారాల కన్నా గురువారమే మేలని నా లెక్క, ఎందుకంటే సందడి ఉంటుంది గానీ తొక్కిసలాట ఉండదు. కాస్కో అంటే పాత పట్నం. అసలు మొదటి ఊరు 1519లో కట్టింది వేరేచోట ఉంది, 1671లో హెన్రీ మోర్గన్ అనే సముద్రపు దొంగ దాడిలో అది నాశనమైంది, రెండేళ్ల తర్వాత సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఈ చిన్న నేల మీద గోడకట్టి కొత్త ఊరు కట్టుకున్నారు. 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఇరుకు వీధులు, ఇటుక రోడ్లు, ఇనుప కటకటాల బాల్కనీలు. ఒక ఇల్లు కొత్త రంగుతో మెరుస్తుంటే పక్కిల్లు పైకప్పు లేకుండా లోపల మర్రిమొక్క మొలిచి ఉంటుంది.

ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి, ఇది మాత్రం వాయిదా వేయకండి. చివర ప్లాసా ఫ్రాన్సియా అనే చౌరస్తా ఉంటుంది, దాని వెనక మెట్లెక్కితే పాత కోటగోడ మీద నడకదారి, పైన కాగితంపూల పందిరి. గూనా తెగ ఆడవాళ్లు చేత్తో కుట్టిన మోలా గుడ్డలు పరిచి అమ్ముతుంటారు, మోకాళ్ల కింద దాకా పూసల పట్టీలు చుట్టుకుని కూర్చుంటారు, ఫోటో తీయాలంటే అడిగి తీయండి. గోడ అవతల పసిఫిక్. కాలువలోకి వెళ్లడానికి వంతు కోసం లంగరేసుకున్న ఓడలు దూరంగా వరసగా ఉంటాయి. ఆరుంపావు దాటాక ఒక్కొక్క ఓడ మీద దీపాలు వెలుగుతాయి, ముందు ఒకటి, తర్వాత దాని వెనకది, పది నిమిషాల్లో సముద్రం మీద ఇంకో ఊరు లేచినట్టు ఉంటుంది. నేను నాలుగేళ్లు ఆ ఓడల కాగితాలతోనే బతికాను, అయినా ఆ గోడ దగ్గర నిలబడితే లెక్కలు గుర్తొచ్చేవి కావు.

తర్వాత మెల్లగా ప్లాసా బొలీవార్ మీదుగా నడవండి. నేషనల్ థియేటర్ పక్కనే ఉంటుంది, 1908 నాటిది. ఆ వారంలో ఏదైనా కచేరీ ఉంటే లోపలికి వెళ్లే అవకాశం వదులుకోవద్దు. లోపలి పైకప్పు బొమ్మలు చూడటానికే వెళ్లొచ్చు. ఏడున్నరకి భోజనం, తొమ్మిదికి జాజ్. ప్లాసా ఎర్రెరా పక్కన అమెరికన్ ట్రేడ్ హోటల్ భవనంలో దనీలోస్ జాజ్ క్లబ్ అని మొదలుపెట్టారు. దనీలో అంటే దనీలో పెరెస్, పనామా పియానో విద్వాంసుడు, గ్రామీ గెలిచినవాడు, శాక్సోఫోన్ విద్వాంసుడు వేన్ షార్టర్ బృందంలో ఏళ్లతరబడి వాయించినవాడు. ఆయన పేరు మీద ఉన్న ఫౌండేషన్ కాస్కోలోనే పేదపిల్లలకి సంగీతం నేర్పుతుంది. వెళ్లే ముందు ఆ రాత్రి షో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, బల్ల కూడా బుక్ చేసుకోండి, చిన్న గది.

ఒక రాత్రి ఆ పేటలోనే ఇంకో చిన్న బార్‌లో చూసినది చెప్తాను. పద్దెనిమిదేళ్లు కూడా నిండి ఉండవు, ఒక కుర్రాడు కాంగా డోళ్ల ముందు కూర్చున్నాడు. అరచేతుల మీద తెల్ల ప్లాస్టర్ ముక్కలు అంటించుకుని ఉన్నాయి, వేళ్ల చివర్లు చీలినట్టున్నాయి. మొదటి రెండు పాటలకి తలెత్తి ఎవరినీ చూడలేదు. మూడో పాటలో పియానో ఆగిపోయి డోళ్లకి వదిలేసింది. అతను ఎడమ మోచెయ్యి డోలు మీద ఆనించి నొక్కుతూ కుడిచేత్తో కొడుతుంటే శబ్దం సాగి, పలుకుతున్నట్టు వచ్చింది. మన మృదంగం మీద గుమికీ వేస్తే వస్తుందే, సరిగ్గా ఆ ధ్వని. నా పక్కన ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, తెల్లబడ్డ కనుబొమలు పైకెత్తి, చిన్నగా "ఎసో" అన్నాడు. అదీ అంటే అదీ అని. దేవాలయంలో కచేరీలో "భేష్" అన్నట్టు. నేను పనామా రాత్రుల గురించి ఎవరికి చెప్పినా మొదట ఆ కుర్రాడి గురించే చెప్తాను.

జాజ్ మీకు అంతగా నచ్చకపోతే సల్సా. రూబెన్ బ్లేడ్స్ పుట్టింది ఈ పాతపట్నంలోనే, 1948లో. పాటగాడు, సినిమా నటుడు, 1994లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు, 2004 నుంచి 2009 దాకా పర్యాటక మంత్రిగా చేశాడు. ఆ పాటలంటే ఊరికి ప్రాణం, కారు నడిపేవాడి దగ్గర్నుంచి హోటల్ కాపలావాడి దాకా నోటికొచ్చు. కొన్ని బార్లలో తొమ్మిదింటికి ఓ గంట సల్సా నేర్పిస్తారు, తర్వాత బ్యాండ్ మొదలవుతుంది. సిగ్గుపడకుండా ఆ గంట క్లాసులో నిలబడండి. మీకు రాదని వాళ్లకి తెలుసు, ఎవరూ నవ్వరు, ఎవరో ఒక పిన్నిగారు వచ్చి చెయ్యి పట్టుకుని అడుగు సరిచేసి వెళ్తుంది. ఆవిడతో ఒక పాట ఆడి, దండం పెట్టి, ఆవిణ్ణి తీసుకెళ్లి ఆవిడ బల్ల దగ్గర వదలడం అక్కడి మర్యాద.

రూఫ్‌టాప్ బార్లు కాస్కోలో చాలా ఉన్నాయి, తాంతలో వాటిలో పేరున్నది. పైనుంచి అటు పాత పెంకుటిళ్లు, ఇటు నీళ్ల అవతల గాజు మేడలు ఒకేసారి కనిపిస్తాయి. ఒక్క డ్రింక్‌కి, ఒక్క గంటకి వెళ్లండి, అంతకు మించి డబ్బు దండగ. పేర్లు ఇంకా రాయమని అడుగుతారేమో, రాయను, ఎందుకంటే ఆ ఊళ్లో క్లబ్బుల పేర్లు, యజమానులు ఏడాదికోసారి మారిపోతారు, పాతపేరు చూసుకుని వెళ్తే తాళం కనిపిస్తుంది. ప్లాసా ఎర్రెరాలో తొమ్మిదింటికి నిలబడి చెవులు రిక్కించండి, ఎటునుంచి డోళ్లు వినిపిస్తే అటు వెళ్లండి. క్లబ్బుల్లోకైతే మగాళ్లు నిక్కర్లు, చెప్పులతో వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. ఎండ ఊరని చెప్పి అవే సర్దుకోకండి, ఒక జత ప్యాంటు, బూట్లు పెట్టుకోండి. తాగడానికి వయసు పద్దెనిమిది, పాస్‌పోర్ట్ జిరాక్స్ దగ్గర ఉంచుకోండి.

భయం సంగతి సూటిగా చెప్తాను. కాస్కో లోపల మీకు ఇబ్బంది ఉండదు, అధ్యక్షుడి భవనం అక్కడే ఉంది, టూరిస్ట్ పోలీసులు మూల మూలకీ కనిపిస్తారు. కాస్కో అంచు దాటితే ఎల్ చొర్రియో, ఇంకోవైపు సాంతా ఆనా, ఇవి పేద పేటలు, అక్కడ మంచివాళ్లే ఎక్కువ, నాకు స్నేహితులు కూడా ఉన్నారు, కానీ రాత్రి పూట ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తూ నడిచే కొత్తవాళ్లకి అవి తగవు. మ్యాప్‌లో చూస్తే "పావుగంట నడకే కదా, మెట్రో స్టేషన్ దాకా నడిచేద్దాం" అనిపిస్తుంది. సింకో దే మాయో స్టేషన్ దగ్గర్లోనే ఉంది, పగలు హాయిగా నడవండి, చీకటి పడ్డాక వద్దు. మెట్రో పదకొండు దాటితే ఎలాగూ ఉండదు. పగలు మాత్రం వాడుకోండి, మొదటి లైన్‌కి ముప్ఫై ఐదు సెంట్లే, 2014లో మొదలైంది, మధ్య అమెరికాలో అదే మొదటి మెట్రో. రాత్రికి ఊబర్. పసుపు టాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కకముందే రేటు ఒప్పుకోవాలి, స్పానిష్ రాకపోతే తలనొప్పి. కాస్కో నుంచి ఎల్ కాంగ్రేహోకి ఊబర్‌లో నాకు నాలుగు నుంచి ఏడు డాలర్ల మధ్య పడేది. శనివారం రాత్రి రెండింటికి అందరూ ఒకేసారి బుక్ చేస్తారు, అప్పుడు రెట్టింపు కూడా చూశాను.

మా బృందంలో ఒకమ్మాయి ఫోన్ పోయింది ఒకసారి. గొడవా లేదు, బెదిరింపూ లేదు. బార్ బల్ల మీద పెట్టి పాటకి చప్పట్లు కొట్టింది, చేతులు దించేసరికి లేదు. ఆ అమ్మాయి ఫోన్‌లోనే పాస్‌పోర్ట్ ఫోటోలు, హోటల్ బుకింగ్, బ్యాంకు కోడ్లు అన్నీ ఉన్నాయి, మూడు రోజులు టెన్షన్‌తో గడిచింది. అందుకని మీ నలుగురిలో ఒక్కరి ఫోన్ మాత్రం బయటికి తీసేలా, మిగతావి జిప్ జేబులో ఉండేలా మాట్లాడుకోండి, గ్లాసు కూడా వదిలి వెళ్లకండి.

డబ్బు. ఊళ్లో నడిచేవి అమెరికా డాలర్ నోట్లే, పేరుకి కరెన్సీ బల్బోవా, విలువ డాలర్‌తో సమానం, చిల్లర నాణేలు మాత్రం వాళ్లవి. యాభై, వంద నోట్లు చాలా చోట్ల తీసుకోరు, ఐదులు, పదులు, ఇరవైలు పట్టుకెళ్లండి. మామూలు కాంతీనాలో, అంటే చిన్న బార్‌లో, బీరు రెండు డాలర్ల లోపే, కాస్కోలో నాలుగైదు, కాక్‌టెయిల్ పది నుంచి పద్నాలుగు, క్లబ్బు ప్రవేశం పది నుంచి ఇరవై, ఇవి నేను కట్టిన లెక్కలు. బిల్లు మీద మామూలుగా ఏడు శాతం పన్ను, మందు మీద పది. ప్రోపీనా అని ఇంకో పది శాతం రాసి ఉంటుంది, అది టిప్పు, చట్టం ప్రకారం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. సేవ బాగుంటే ఇవ్వండి, కానీ బిల్లులో ఒకసారి వేసి, కార్డ్ మిషన్ దగ్గర మళ్లీ అడుగుతారు. ఒకచోట నా దగ్గర రెండుసార్లు తీసుకున్నారు, ఇంటికొచ్చి కాగితం చూస్తే గానీ తెలియలేదు. బిల్లు వరస వరసా చదివి కార్డ్ ఇవ్వండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

శుక్రవారం తాగని ఇద్దరి రోజు అనుకోండి, కానీ నలుగురికీ నచ్చుతుంది. అమదోర్‌కి వెళ్లండి, త్రాంకే మొదలవకముందే నాలుగింటికి బయల్దేరాలి. కాలువ తవ్వినప్పుడు వచ్చిన రాళ్లతో సముద్రంలోకి కట్ట పోసి నాలుగు చిన్న దీవుల్ని కలిపారు, ఆ కట్ట మీద రోడ్డే అమదోర్. మొదట్లోనే ఫ్రాంక్ గెహ్రీ అనే పేరున్న ఆర్కిటెక్ట్ గీసిన బయోమ్యూజియం, రంగురంగుల రేకుల కప్పుతో, దూరం నుంచే తెలుస్తుంది. సైకిళ్లు అద్దెకిస్తారు, నలుగురు కలిసి తొక్కే బండ్లు కూడా ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒకవైపు కాలువ నోరు, ఓడలు మన పక్కనుంచే వెళ్తాయి, పైన అమెరికాల వంతెన. చీకటి పడ్డాక వెనక్కి తిరిగితే ఊరి మేడల దీపాలన్నీ నీళ్లలో. కుటుంబాలు, పిల్లలు, చేపలు పట్టేవాళ్లు, స్పీకర్ పెట్టుకున్న కుర్రాళ్లు. రాస్పావ్ బండి కనిపిస్తే ఆగండి. చెక్క పెట్టెలో మంచుదిమ్మ, దాన్ని ఇనుప గీరుడుతో గీరి, శంఖంలాంటి కాగితపు కప్పులో నింపి, ఎర్ర షర్బత్ పోసి, పైన చిక్కటి పాలు ధారగా పోస్తాడు. మన ఐస్ గోలానే గానీ ఆ పాలతో రుచి మారిపోతుంది. ఒకటి, రెండు డాలర్లు.

ఆ రాత్రి ఇంకా ఓపిక ఉంటే చీవా పర్రాందేరా ఎక్కండి. పాత బస్సు కిటికీలు తీసేసి, రంగులేసి, లోపల బాకాలు, డోళ్ల బ్యాండ్‌ని పెట్టి ఊరు తిప్పుతారు. సీట్లుంటాయి గానీ ఎవరూ కూర్చోరు. పుట్టినరోజులకి, ఆఫీసు పార్టీలకి స్థానికులు కూడా ఎక్కుతారు, అందుకే నాకు నచ్చుతుంది. కాసినోల గురించి అడిగారు, పెద్ద హోటళ్లలో ఉన్నాయి, చట్టబద్ధమే, లోపలికి వెళ్లడానికి డబ్బు అక్కర్లేదు. డల్లాస్ నుంచి ఓక్లహోమా వెళ్లి చూసినవాళ్లకి కొత్తేమీ ఉండదు, నేనైతే ఒక రాత్రి దానికి ఇవ్వను.

దానికి బదులు పిందీన్ వినండి. అకార్డియన్ పాటల్ని, ఆ ఆటని అక్కడ తీపికో అనీ, పిందీన్ అనీ అంటారు. పల్లెల నుంచి వచ్చిన సంగీతం, ఊళ్లో గొప్పింటివాళ్లు ఒకప్పుడు చిన్నచూపు చూసేవాళ్లు, ఇప్పుడు వాళ్ల పెళ్లిళ్లలోనూ అదే. హార్దీన్ అనే పెద్ద ఆరుబయలు చావిళ్లలో ఆడతారు, ప్లాస్టిక్ కుర్చీలు, టోపీలు, ఇస్త్రీ మడత చెరగని చొక్కాలు. పాట మధ్యలో గాయకుడు గొంతెత్తి ఒక కేక వేస్తాడు, అది సలోమా. పొలంలో ఈ గట్టు మీది నుంచి ఆ గట్టు మీదివాణ్ణి పిలిచే కేక లాంటిది, పొడుగ్గా సాగి చివర విరుగుతుంది. అవతల బల్లల నుంచి నలుగురు తిరిగి అదే కేక వేస్తారు. తెలంగాణలో నాట్లు వేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాటలు విన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇవి ఎక్కువగా ఊరి శివార్లలో ఉంటాయి, మీ అంతట మీరు వెళ్లకండి. హోటల్ రిసెప్షన్‌లో ఈ వారాంతం పిందీన్ ఎక్కడుంది, మీరెవరైనా వెళ్తున్నారా అని అడగండి. ఒక పరాయివాడు తమ పిందీన్ గురించి అడిగితే వాళ్ల ముఖం విప్పారుతుంది, చాలాసార్లు తామే తీసుకెళ్తారు. అంత దూరం వద్దనుకుంటే కాస్కోలోనే పొయ్యెరా అనే సంప్రదాయ గౌను వేసుకున్న అమ్మాయిలు జానపద నృత్యాలు చేసే హోటళ్లున్నాయి. టూరిస్టుల కోసమే అయినా ఆ దుస్తులు, తలలో వణికే ముత్యాల పూలు చూడదగ్గవి.

తేదీల గురించి ఒక హెచ్చరిక, ఇది చాలామందికి తెలియదు. జనవరి 9 అక్కడ అమరుల దినం. 1964లో, అప్పట్లో అమెరికా చేతిలో ఉన్న కాలువ ప్రాంతంలో తమ జెండా ఎగరేయడానికి విద్యార్థులు వెళ్తే గొడవ పెరిగి, కాల్పుల్లో ఇరవైమందికి పైగా పనామావాళ్లు చనిపోయారు. ఆ రోజు మందు అమ్మకం బంద్, క్లబ్బులు బంద్, పెద్దగా పాట పెట్టరు. మీ ట్రిప్ ఆ తేదీ మీద పడితే ఆ సాయంత్రం సింతా కోస్తేరా అనే సముద్రపు ఒడ్డు బాట మీద నడకకి పెట్టుకోండి, "ఏంటి, ఊరు ఇలా ఉంది" అని ఎవరితోనూ అనకండి. ఆ రోజు వాళ్లకి చాలా పెద్దది.

వీసా సంగతి కూడా చెప్పేస్తాను. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా స్టాంపు గడువులో ఉండి, దాని మీద ఒక్కసారైనా అమెరికాలో అడుగుపెట్టి ఉంటే విడిగా పనామా వీసా లేకుండా వెళ్లొచ్చన్నది నేను వెళ్లేటప్పటి పద్ధతి. స్టాంపు గడువు అయిపోయి హెచ్ వన్ కాగితం మాత్రమే ఉన్నవాళ్లు దాన్ని నమ్ముకుని విమానాశ్రయానికి వెళ్లొద్దు. కనీస గడువు ఎంత ఉండాలో టికెట్ కొనేముందే కాన్సులేట్‌లో కనుక్కోండి. ఇంకోటి, పనామా నుంచి వచ్చిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి, టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. సంక్రాంతికి అటునుంచి అటే ఇంటికి వెళ్లే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే ఇప్పుడే చూసుకోండి.

ఇక శనివారం. మీ తేదీలు ఇంకా ఖాయం కాలేదన్నారు కాబట్టి అడుగుతున్నాను, పనామా జాజ్ ఫెస్టివల్ వారానికి మార్చుకోగలరా? 2003లో దనీలో పెరెస్ మొదలుపెట్టారు, జనవరిలో జరుగుతుంది, ఆ ఏడాది తేదీలు ముందే ప్రకటిస్తారు. వారంలో జరిగే పెద్ద కచేరీలకి టికెట్లుంటాయి, కానీ చివరి శనివారం సియుదాద్ దెల్ సాబేర్‌లో ఆరుబయట జరిగేది అందరికీ ఉచితం. అది ఒకప్పుడు అమెరికా సైన్యం ఉన్న ఫోర్ట్ క్లేటన్, ఇప్పుడు చదువులకీ పరిశోధనలకీ ఇచ్చేశారు. సైనికులు కవాతు చేసిన పచ్చిక మీద ఇప్పుడు పిల్లలు, తాతలు, వాయిద్యాలు భుజాన వేసుకున్న కుర్రాళ్లు దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగుతుంది. మూడింటికల్లా చేరుకుంటే చెట్టునీడ దొరుకుతుంది. ఒక దుప్పటి, నీళ్లు, శాకాహారి స్నేహితుడికి పతాకోనెస్ పొట్లం పట్టుకెళ్లండి, రాత్రి తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర ఊబర్‌కి అరగంట పట్టొచ్చు, కాబట్టి ఆఖరి బృందం వాయిస్తుండగానే బుక్ చేయకండి, పూర్తిగా విని, జనం పలచబడ్డాక బయల్దేరండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం ఎక్కడ ఏ కచేరీ ఉందో మా పాత స్నేహితుల్ని అడిగి చెప్తాను.